రోడ్డున్నది జాగ్రత్త

పొద్దున ఆరింటికి మా మనవరాలు కుక్కను బయటికి తీసుకెళ్లే తతంగం చూడాలి. నన్ను మొదటిసారి బడికి పంపిననాడు మా ఇంట్లో ఇందులో సగం హడావిడి కూడా జరగలేదు. మెడకు ఒక పట్టీ. భుజాల మీదుగా, పొట్ట కింద నుంచి ఇంకో పట్టీ. దాన్ని హార్నెస్ అంటారట. మా రోజుల్లో అలాంటి సరంజామా జట్కా గుర్రానికి ఉండేది, అదీ బండికి కట్టినప్పుడే. ఆ హార్నెస్‌కు ఐదడుగుల తాడు. మెడ పట్టీకి ఒక రేకు బిళ్ళ, దానిమీద కుక్క పేరు, మా అబ్బాయి ఫోన్ నంబరు. పొద్దుగూకితే ఇవన్నీ కాక మెడలో మినుకుమినుకుమనే దీపాల పట్టీ కూడా. ఆ వేషంలో అది మెట్లు దిగుతుంటే బరాత్‌కు బయల్దేరిన పెళ్లికొడుకులాగే ఉంటుంది. గుర్రం ఒక్కటే తక్కువ.

"తాతా, తాడు చేతికి చుట్టుకోకు. ఒక్క గుంజు గుంజిందంటే నీ మణికట్టు పోతది" అని నాకు పాఠం.

నాకు డెబ్బై నాలుగేళ్లు. పుట్టింది ఈ గల్లీలోనే. కుక్కను ఎట్లా పట్టుకోవాలో నాకు చెప్తుంది!

దాని పేరు బన్ను. ఇరానీ హోటల్లో చాయ్‌తో ఇచ్చే బన్ను రంగే దాని రంగు. జాతి అంటూ ఏమీ లేదు, స్టేషన్ దగ్గర ఆటోస్టాండు పక్కన దొరికింది. ఆ ఒక్క విషయంలో మా మనవరాలిని మెచ్చుకుంటాను. ఫోన్ కంపెనీ ప్రకటనలో చిన్నపిల్లాడి వెంట తిరిగిందని 2003 తర్వాత ఊరు ఊరంతా ఆ చప్పిడిముక్కు పగ్గుల వెనక పడింది. అంతకుముందు తెల్ల పొమేరియన్లు. ఇప్పుడైతే మంచు దేశపు హస్కీలను తెచ్చి మే నెలలో మా లష్కర్, అంటే సికింద్రాబాద్, రోడ్ల మీద నడిపిస్తున్నారు. మనమే చెప్పుల్లేకుండా నిలబడలేని తారు మీద వాటి పాదాలేం కావాలి? బండి లాగడానికి పుట్టిన జాతి అది. ముందుకు గుంజడం దాని రక్తంలోనే ఉంది. తాడు పట్టుకున్న మనిషి ఏమో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో తెలియదు.

సరే, నా మాట చెప్తాను. మాది రెజిమెంటల్ బజార్. పేరులోనే చరిత్ర ఉంది. బ్రిటిష్ పటాలాలకు సరుకులు అందించడానికి వెలసిన బజారు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడింది. 1874లో రైలు వచ్చింది. మేము ఆ రైలు కూత వినబడేంత దూరంలో పుట్టాం. ఒకపక్క స్టేషన్, ఇంకోపక్క మోండా మార్కెట్, మధ్యలో మా గల్లీలు. ఈ గల్లీల్లో తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ అన్నీ ఒకే అరుగు మీద కూర్చునేవి. కుక్కలకైతే నాలుగు భాషల్లోనూ తిట్లు తెలుసు.

మా రోజుల్లో కుక్కను ఎవరూ "తిప్పేవాళ్లు" కాదు. అదే తిరిగొచ్చేది. పొద్దున తలుపు తీస్తే మోతీ బయటికి పోయేది. దాని దినచర్య మా నాన్న ఆఫీసు వేళల కంటే ఖచ్చితం. ముందు మటన్ దుకాణం, తర్వాత జట్కాల స్టాండు, అక్కణ్ణుంచి స్టేషన్ బయట పూరీల బండి, ఎండెక్కేసరికి మళ్లీ మా అరుగు కింద. దారిలో ఏముండేవి? రిక్షాలు, సైకిళ్లు, జట్కాలు, పాలవాడి బర్రెలు. పెద్ద రోడ్డు మీద 7 నంబర్ డబుల్ డెక్కర్ వస్తుంటే దాని చప్పుడు ముందు వచ్చేది, బండి తీరిగ్గా తర్వాత వచ్చేది. కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, ఆవులించి, పక్కకు జరిగే టైము ఉండేది.

పిల్లుల సంగతి ఇంకా బాగుండేది. పిల్లికి ఆ రోజుల్లో ఉన్న మర్యాద కలెక్టరుకు కూడా లేదు. అది రోడ్డు దాటిందంటే ట్రాఫిక్ మొత్తం ఆగేది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. పిల్లి ఎదురొస్తే సైకిలువాడు దిగి నిలబడేవాడు. రిక్షావాడు బండి ఆపి, ఒకసారి ఉమ్మేసి, ఇంకెవరైనా ముందు దాటిపోతారేమోనని ఎదురు చూసేవాడు. మా నాయనమ్మయితే ఇంట్లోకి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, గ్లాసెడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేది. ఆమెతో పాటు మేమూ తాగాలి. అపశకునం అనుకున్నాం గానీ, ఆలోచిస్తే ఊరంతా పాటించిన ఒకే ఒక ట్రాఫిక్ రూలు అదే. పోలీసు లేడు, చలానా లేదు, ఎర్రదీపం లేదు. పిల్లి మాత్రం క్షేమంగా అవతలికి చేరేది. ఇప్పుడు అందరూ చదువుకున్నవాళ్లయ్యారు, మూఢనమ్మకాలు పోయాయి. పిల్లి ఎదురొస్తే ఎవడూ ఆగడం లేదు.

ఇప్పుడు మా గల్లీ చూడండి. రెండు పక్కలా కార్లు, కార్ల ముందు బైకులు, మధ్యలో మిగిలిన సందులోంచి డెలివరీ పిల్లలు దూసుకుపోతుంటారు. వాళ్లనూ అనలేను. పది నిమిషాల్లో పాల ప్యాకెట్టు కావాలన్నది మనమే. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోపే ఒక సెకను పోతుంది, ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో ఎనిమిది తొమ్మిది మీటర్లు. అంటే మొత్తం ఇరవై మీటర్లు. మా గల్లీలో మా గేటు నుంచి ఇస్త్రీ బండి దాకా ఇరవై మీటర్లు ఉండదు. ఆ లెక్కన కుక్క పార్కు చేసిన రెండు కార్ల మధ్య నుంచి తల బయటపెట్టేసరికే కథ అయిపోతుంది. బండివాడికి కుక్క కనబడదు, కుక్కకు బండి కనబడదు. రిక్షా జోరుగా పోయినా సెకనుకు మూడు మీటర్లు దాటేది కాదు.

పైగా స్టేషన్ మొత్తం తిరిగి కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు, పాత భవనం తీసేశారు. పని జరుగుతున్నంతకాలం బళ్లకు దారులు మారుతూ ఉంటాయి. మనుషులకైతే బోర్డులు పెడతారు. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న సందు ఈరోజు రద్దీ రోడ్డయిందని కుక్కకు ఎవరు చెప్తారు?

మా పాత రోజుల గొప్పలే మొన్న వేసవిలోనూ అందరి ముందూ చెప్పుకుంటూ కూర్చున్నాను. "మా రోజుల్లో కుక్కలు రాజాల్లా తిరిగేవి. తాడు లేదు, బెల్టు లేదు. మా మోతీ పదిహేనేళ్లు బతికింది."

మా మనవరాలు ఏమీ అనలేదు. అటక మీద పాత పెట్టె సర్దుతుంటే మా నాన్న పద్దుల పుస్తకాలు దొరికాయి దానికి. ఆయన అగ్గిపెట్టె కొన్నా రాసుకునే మనిషి. ఒక పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. 1959, మార్చి: "మోతీకి మున్సిపాలిటీ బిళ్ళ." ఇంకో పుస్తకం. 1963: "కొత్త మోతీకి బిళ్ళ." మూడోది. 1968: "మోతీ (3) బిళ్ళ, గొలుసు."

"తాతా, మోతీ ఒక్కటా, ముగ్గురా?"

నిజంగా నేను మరిచిపోయాను. మరిచిపోయాననడం కంటే కలిపేసుకున్నాననడం నయం. మూడు కుక్కలూ నా జ్ఞాపకంలో ఒకే కుక్కగా మారిపోయి, పదిహేనేళ్లు సుఖంగా బతికేసింది.

మొదటి మోతీ స్టేషన్ రోడ్డు మీద లారీ కింద పడింది. నేను చూడలేదు. మా నాన్న గోనెపట్టాలో చుట్టి తెచ్చి, మాకు చూపించకుండా రైలుకట్ట వైపు తీసుకెళ్లాడు. తిరిగొచ్చి బావి దగ్గర స్నానం చేసి, అన్నం తినకుండా పడుకున్నాడు. వారం తిరక్కుండా చాకలామె ఒక కుక్కపిల్లను తెచ్చింది. దానికీ అదే పేరు పెట్టాం. అప్పట్లో పేరు కుక్కది కాదు, ఇంటిది.

రెండోది దీపావళి రాత్రి పోయింది. గల్లీ మొత్తం సీమటపాకాయల మోత. లక్ష్మీబాంబు ఒకటి దాని పక్కనే పేలిందో, పేల్చారో. గొలుసు లేదు కదా, పరుగో పరుగు. చెవులు వెనక్కి వాలిపోయి, తోక కడుపు కిందికి పోయి, మేము పిలుస్తున్నా మా గొంతు కూడా గుర్తుపట్టని పరుగు అది. తెల్లారి చిలకలగూడ వైపు పట్టాల దగ్గర కనబడిందని ఎవరో చెప్పారు.

మూడోది చిత్తకార్తెలో పోయింది. చిత్తకార్తె కుక్కలని మనం మనుషుల్ని తిట్టడానికి వాడే మాట ఊరికే పుట్టలేదు. వానలు వెనకపట్టాక ఆ రోజుల్లో మగకుక్కకు ఇల్లు, తిండి, రోడ్డు ఏవీ కనబడవు. నాలుగు కుక్కలతో కలిసి ఒక ఆడకుక్క వెంట పెద్ద రోడ్డు దాటడం చూశామన్నారు. ఆ తర్వాత రాలేదు, అంతే. బండి కింద పడిందా, మున్సిపాలిటీ కుక్కల బండివాళ్లు పట్టుకున్నారా, ఎవరికీ తెలియదు. దాని ఇత్తడి బిళ్ళ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. స్నానం చేయించినప్పుడు తీసి మేకుకు తగిలించి మళ్లీ కట్టడం మరిచింది నేనే. ఇప్పటికీ నా దగ్గరుంది. అంకెలు అరిగిపోయాయి, బొటనవేలితో తడిమితేనే తెలుస్తాయి. ఆ రోజుల్లో బిళ్ళ లేని కుక్కను పట్టుకుపోతే ఇక అది తిరిగి వచ్చేది కాదు. పట్టిన కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలనే నియమాలు 2001లో వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి.

కాబట్టి మా రోజుల్లో కుక్కలు రాజాల్లా తిరిగేవన్నది నిజమే. రాజాలు ఎన్నేళ్లు బతికారన్నది వేరే లెక్క.

అయినా నేను అంత తేలిగ్గా ఓడిపోయే మనిషిని కాను. "అట్లయితే గొలుసుతో కట్టేసి ఉంచితే సరిపోలా? ఈ తిప్పడాలు దేనికి?" అన్నాను. దానికీ మా మనవరాలి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమట. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచితే నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను యజమాని నడిపించకపోయినా నేరమే. 1960! మా మొదటి మోతీ బతికున్న రోజులు. చట్టం మా రోజుల్లోదే, చదివింది మాత్రం వీళ్లు.

బన్నుకు ఆపరేషన్ ఎనిమిది నెలలప్పుడే చేయించారు. నాకు మనసొప్పలేదు, పాపం అనిపించింది. అయితే కిందటేడు చిత్తకార్తెలో గల్లీ కుక్కలన్నీ ఒకదాన్నొకటి తరుముకుంటూ బస్సుల మధ్యలోంచి రేతిఫైల్ బస్టాండు వైపు పోతుంటే, ఇది బాల్కనీలో కూర్చుని బోర్లించిన చెప్పు కొరుక్కుంటూ వాటిని చూసింది. సినిమా చూస్తున్నట్టే చూసింది. అప్పుడు నాకు మూడో మోతీ గుర్తొచ్చింది. ఏమీ అనలేదు.

దీపావళికి మా ఇంట్లో పద్ధతి మారిపోయింది. పొద్దుండగానే దాన్ని తిప్పి తెస్తారు. చీకటిపడేలోపు కిటికీలు మూసి, లోపలి గదిలో దుప్పటి పరిచి, టీవీ గట్టిగా పెడతారు. మెడపట్టీ, బిళ్ళ తీయరు, తప్పించుకున్నా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని. బోనాలప్పుడూ అంతే. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి అమ్మవారి జాతరంటే లష్కర్ మొత్తం డప్పు. పోతరాజు కొరడా ఝళిపిస్తే మనకు ఒళ్లు పులకరిస్తుంది, కుక్కకు గుండె ఆగుతుంది. ఆ రెండు రోజులూ నా పడకగది దానికి రాసిచ్చేశారు. నేను హాల్లో పడుకుంటాను. ఈ ఇంట్లో నా హోదా ఏమిటో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇక పిల్లి. పై అంతస్తు వాళ్లది, పేరు సున్నుండ. ఉండేది వాళ్లింట్లో, తినేది అందరిళ్లలో. మోండా మార్కెట్ నుంచి చేపలు తెచ్చిన రోజు మా వంటింటి కిటికీలో ప్రత్యక్షం. కుక్కను తాడుతో ఆపవచ్చు గానీ పిల్లికి తాడేమిటి? పిల్లి పెద్ద రోడ్డు మీదికి పోయేది తెల్లవారుజామున, పొద్దుగూకిన తర్వాత. ఎలుకలు తిరిగే వేళలే దాని ఆఫీసు వేళలు. ఖర్మకొద్దీ చీకట్లో హెడ్‌లైట్లు కళ్లలో పడ్డాయంటే కుక్కలాగా పరిగెత్తకుండా చాలాసార్లు ఉన్నచోటే నక్కి కూర్చుంటుంది. అదే దానికి ముప్పు. పై ఇంటావిడ ఒక ఉపాయం చేసింది. దానికి అసలు భోజనం సాయంత్రం ఆరింటికి పెడుతుంది, గిన్నె మీద చెంచాతో టింగ్ టింగ్‌మని కొడుతూ. ఆ చప్పుడు వింటే ఎక్కడున్నా వస్తుంది. రాగానే తలుపు మూస్తుంది, మళ్లీ తెల్లారి ఎండెక్కాకే తీయడం. పావురాల కోసం బాల్కనీకి కట్టిన వల ఎలాగూ ఉంది. అది పిల్లి కిందపడకుండా కూడా ఆపుతుంది.

రోడ్డు మధ్యలో రాత్రిపూట మెరిసే గాజు బుడిపెలుంటాయి చూడండి, వాటిని ఇంగ్లండులో పిల్లికళ్లనే అంటారు. యార్క్‌షైర్‌లో పెర్సీ షా అనే ఆయన 1934లో వాటికి పేటెంటు తీసుకున్నాడు. దీపం పడితే పిల్లి కన్ను మెరిసినట్టు మెరిసేలా చేశాడు. ఆ బుడిపెలు ఎన్ని బళ్లను కాపాడాయో లెక్కలేదు. మరి పిల్లిని? లీడ్స్‌లో ఉండే మా మేనల్లుడు చెప్పాడు, అక్కడి 1988 నాటి రోడ్డు చట్టం ప్రకారం బండి గుర్రాన్ని, ఆవును, గాడిదను, గొర్రెను, పందిని, మేకను, కుక్కను గుద్దితే ఆగి తీరాలి. పిల్లిని గుద్దితే ఆగనక్కర్లేదు. పంది ఉంది, పిల్లి లేదు! మా సైకిలువాడు ఏ చట్టమూ లేకుండానే ఆగాడు కదా. అయితే వాళ్లు ఇంకో పని చేశారు. కుక్కలకు 2016 నుంచి, ఇంగ్లండులో పిల్లులకు 2024 జూన్ నుంచి చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టించాల్సిందే. రోడ్డు పక్కన దొరికిన పిల్లి మీద యంత్రం పెట్టి చూస్తే అంకె తెలుస్తుంది, ఆ అంకెతో ఇల్లు తెలుస్తుంది. మా నాన్న కొన్న బిళ్ళే అది, మేకుకు తగిలించి మరిచిపోయే వీలు లేకుండా చేశారు.

పిల్లికి కదులుతున్న బండే కాదు, ఆగిన బండి కూడా ప్రమాదమేనని నాకు ఈ వయసులో తెలిసింది. కిందటి వానాకాలం, పొద్దున ఏడు. సెల్లారులో ఒకాయన కారు స్టార్ట్ చేయబోతుంటే మా వాచ్‌మన్ చెయ్యడ్డం పెట్టి ఆపి, బానెట్ మీద అరచేత్తో దబదబా నాలుగు దెబ్బలు వేశాడు. ఆయన కోపంగా దిగాడు. వాచ్‌మన్ మాట్లాడలేదు, నోటిమీద వేలేసుకుని చూపించాడు. అర నిమిషం తర్వాత ముందు చక్రం మీది సందులోంచి ఒక బూడిదరంగు పిల్లకూన జారి కిందపడింది. ఒళ్లంతా నూనె. దాని వెనక ఇంకొకటి. రాత్రి వానకు తడిసి, ఇంజన్ వెచ్చగా ఉందని ఎక్కి పడుకున్నాయి. తాళం తిప్పి ఉంటే? అప్పటినుంచి మా అపార్ట్‌మెంటులో పొద్దున్నే బానెట్లు బాదే చప్పుడు సుప్రభాతంలాగా వినబడుతుంది.

సిగ్గుపడాల్సిన మాట ఒకటి చెప్పాలి. ఆ నవంబరులో మా గేటు ముందే ఒక ఆటో గల్లీ కుక్కను గుద్ది ఆగకుండా పోయింది. ఎర్రటి కుక్క, చెవి కొస కత్తిరించి ఉంటుంది, ఆపరేషన్ అయిందని గుర్తు. అరుపు వినబడి నేనే ముందు చేరాను. చెంబుతో నీళ్లు తెచ్చి నోట్లో పోయబోయాను. మా రోజుల్లో ఎవరు పడిపోయినా మొదట చేసే పని అదే కదా. మా మనవరాలు పరుగెత్తుకొచ్చి చెంబు లాక్కుంది.

"నీళ్లు పోయకు తాతా! గొంతు దిగకుండా ఊపిరితిత్తుల్లోకి పోతయ్. చేయి కూడా దగ్గర పెట్టకు, నొప్పిలో అది నిన్నే కరుస్తది."

నిన్నటిదాకా మా చేతి బిస్కెట్లు తిన్న కుక్క, దగ్గరికి వెళితే నిజంగానే పళ్లు చూపించింది. మా మనవరాలు తన చున్నీ తీసి దాని మూతి చుట్టూ వదులుగా కట్టింది, ఊపిరి ఆడుతుందో లేదో చూస్తూ. ఇస్త్రీ అతను బండి మీద సామాను దించి చెక్క ఇచ్చాడు. దుప్పటి మీదికి మెల్లగా జరిపి, దుప్పటితో పాటు చెక్క మీదికి ఎత్తారు. నడుం వంగకుండా, కాళ్లు వేలాడకుండా. వేరే ఆటోలో నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి. అక్కడ డాక్టరు మొదట కాలు చూడలేదు, పెదవి పైకెత్తి చిగుళ్లు చూశాడు. తెల్లగా పాలిపోతే లోపల రక్తం పోతున్నట్టట. పైకి గీత కూడా లేకుండా లేచి నడిచిన కుక్క కూడా సాయంత్రానికి పోవచ్చట. దీని చిగుళ్లు ఎర్రగానే ఉన్నాయి. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు మూడు కాళ్ల మీద కుంటుతూ, నాలుగోది నేలకు ఆనీ ఆనకుండా, మా గల్లీలోనే ఉంది. బండి చప్పుడు వింటే అందరికంటే ముందు పక్కకు జరిగేది అదే.

నారాయణగూడ అంటే మా తరానికి ఇంకో జ్ఞాపకం. కుక్క కరిస్తే అక్కడి ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు పోయేవాళ్లం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మా తమ్ముడు పదో సూది నాడు పారిపోతే సందు సందు వెతికి పట్టుకొచ్చాం. అప్పట్లో కుక్క వల్ల మనిషికి భయం ఉండేది. ఇప్పుడు ఆ భయం లేదనను, 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని వీధికుక్కలు పొట్టన పెట్టుకున్నది తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. అందుకే సొంత కుక్కను గేటు తీసి వదిలేసి "పోయొస్తది లే" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అట్లా వదిలిన కుక్క బండి కిందన్నా పడుతుంది, ఎవరినన్నా బండి మీంచి కింద పడేస్తుంది.

ఆ మాటకొస్తే స్కూటర్ ముందు కాళ్ల దగ్గర కుక్కను నిలబెట్టుకుని పోయేవాళ్లను చూడండి. అదేమో చెవులు గాలికి ఎగరేసుకుంటూ మహదానందంగా ఉంటుంది. ఎదురుగా ఇంకో కుక్క కనబడేదాకానే ఆ ఆనందం. లాగినకొద్దీ సాగే తాడొకటి వచ్చింది, మీట నొక్కి ఆపకపోతే ఐదు మీటర్లు సాగుతుంది. ఐదు మీటర్లంటే మా గల్లీ అవతలి గోడ. యజమాని ఈ పక్కన, కుక్క ఆ పక్కన, మధ్యలో బైకు. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లది రెజిమెంటల్ బజార్ మాత్రం కాదు.

పెద్ద గొడవంతా గేటుతోనే. ఇంట్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా, పార్సెల్ అబ్బాయి గేటు తీసి "సార్, ఓటీపీ" అన్న ఆ అర నిమిషం చాలు. మా గేటుకు బయటివైపు "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు ఉంది. దాన్ని తిప్పి లోపలివైపు "రోడ్డున్నది జాగ్రత్త" అని పెట్టాలన్నాను. మా మనవరాలు నవ్వి, బన్ను చదవదు గానీ నేర్చుకుంటది అంది.

నేర్పింది కూడా. రోజూ గడప దగ్గర నిలబెట్టి "ఆగు" అంటుంది. తలుపు తీస్తుంది. అది కాలు కదిపితే తలుపు మూసేస్తుంది. మళ్లీ తీస్తుంది. కదలకుండా కూర్చుని తన మొహంలోకి చూస్తే అప్పుడు ఒక బిస్కెట్ ముక్క, "పద" అన్న మాట. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు తలుపు బార్లా తీసి ఉన్నా గడప దగ్గర బొమ్మలా కూర్చుంటుంది. చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. కళ్లాపి చల్లి ముగ్గు వేశాక, అది ఆరేదాకా మోతీ వాకిట్లోకి అడుగు పెట్టడానికి వీల్లేదు. పెడితే చీపురుకట్టే. రోజూ పొద్దున మోతీ ఇట్లాగే గడప లోపల కూర్చుని, ముగ్గు వంకా నాయనమ్మ వంకా చూసేది. ఏ మోతీ అని అడక్కండి. మూడూ అట్లాగే కూర్చునేవి. ఆమె ముగ్గు కోసం నేర్పింది. అదే ఇంకో పది అడుగులు సాగదీసి రోడ్డు దాకా నేర్పాలని మాకెవరికీ తోచలేదు.

మొన్న మంగళవారం మనవరాలికి కాలేజీలో ఆలస్యమైంది. బన్ను తాడు నోట కరుచుకుని వచ్చి నా కుర్చీ ముందు కూర్చుంది. వంగి హార్నెస్ వేయబోతే ముందరి కాలు మెడలోకి, మెడ కాలులోకి పోయాయి. వాచ్‌మన్ వచ్చి సరిచేశాడు, నవ్వు ఆపుకుంటూ. దీపాల పట్టీ కూడా వేశాను. తాడు చేతికి చుట్టుకోలేదు. గేటు దగ్గర నిలబడి "ఆగు" అన్నాను. ఆగింది.

సరిగ్గా అప్పుడే ఆరైంది. పైనుంచి టింగ్ టింగ్ వినబడింది. సున్నుండ ఎక్కణ్ణుంచి వచ్చిందో, తోక నిటారుగా లేపి మా ఇద్దరి ముందు నుంచి కుడి నుంచి ఎడమకు దర్జాగా దాటి, మెట్లెక్కి పోయింది.

నేను ఒక క్షణం నిలబడ్డాను. బన్ను నా మొహంలోకి చూస్తోంది, "పద" అంటానేమోనని. నేను వెనక్కి తిరిగాను, అదీ తిరిగింది. ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని గ్లాసెడు మంచినీళ్లు తాగాను. దాని గిన్నెలోనూ పోశాను, అదీ నాలుగు గుటకలు వేసింది.

"అప్పుడే వచ్చిన్రేంది?" అని వంటింట్లోంచి మా ఆవిడ.

"పిల్లి ఎదురొచ్చింది."

"అది మన సున్నుండనే గదా!"

"ఏదైతేనేం, పిల్లే గదా" అని లేచి, మళ్లీ తాడు పట్టుకున్నాను.